రాజా హరిశ్చంద్రకు రెండు తేదీలు: దాదాసాహెబ్ ఫాల్కే

'రాజా హరిశ్చంద్ర' మన దేశపు తొలి పూర్తి నిడివి కథాచిత్రం. అది విడుదలైన తేదీ ఒక చోట 1913 ఏప్రిల్ 21 అని, ఇంకో చోట మే 3 అని కనిపిస్తుంది. క్విజ్‌కు చదివే పిల్లలు ఏది రాయాలి? జవాబు ఆ సినిమా తీసిన మనిషి కష్టంలోనే ఉంది.

దాదాసాహెబ్ ఫాల్కే అసలు పేరు ధుండిరాజ్ గోవింద్ ఫాల్కే. 1870 ఏప్రిల్ 30న నాసిక్ దగ్గరి త్ర్యంబకేశ్వర్‌లో పుట్టారు. బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లోను, బరోడా కళాభవన్‌లోను చదివారు. ఫొటోగ్రఫీ, అచ్చుపని, ఇంద్రజాలం అన్నీ నేర్చారు కానీ ఏదీ నిలకడగా అన్నం పెట్టలేదు. నలభై ఏళ్ల వయసులో క్రీస్తు జీవితంపై తీసిన మూకీ చిత్రం చూశారు. మన పురాణాలూ అలా తెర మీద కదలాలని పట్టుబట్టారు. రాత్రింబవళ్లు ఆ ధ్యాసలోనే గడిపి కొంతకాలం చూపు కూడా పోగొట్టుకున్నారు. బీమా పాలసీ తాకట్టు పెట్టి 1912లో లండన్ వెళ్లి కెమెరా కొన్నారు.

ఇంత చేసినా అప్పిచ్చేవాళ్లు నమ్మాలి కదా! కుండీలో బఠానీ గింజ నాటి, అది మొలిచి మొక్కయ్యేదాకా కొద్దికొద్దిగా చిత్రీకరించి చూపించారు. డబ్బు పుట్టింది. భార్య సరస్వతీబాయి యూనిట్ మొత్తానికి వండిపెట్టి, ఫిల్మ్ కడిగే పని కూడా చేసేవారు. నా దృష్టిలో ఈ సినిమాకు ఆమె సగం నిర్మాత. కొడుకు భాలచంద్ర లోహితాస్యుడయ్యాడు. ఆడవాళ్లెవరూ నటించడానికి ముందుకు రాకపోవడంతో, హోటల్లో వంట చేసే సాలుంకే అనే యువకుడు రాణి వేషం కట్టాడు. మన నాటకాల్లో చంద్రమతి, వాళ్లకు తారామతి.

ఇక తేదీల సంగతి. ఏప్రిల్ 21, సోమవారం, గ్రాంట్ రోడ్‌లోని ఒలింపియా థియేటర్‌లో పత్రికలవాళ్లకు, ఊరి పెద్దలకు ప్రత్యేకంగా వేసి చూపించారు. అది పిలిచినవాళ్ల కోసం వేసిన ఆట. టికెట్ కొనుక్కునే జనం ముందుకు వచ్చింది మే 3, శనివారం, గిర్గావ్‌లోని కొరొనేషన్ సినిమాలో. బాంబే క్రానికల్‌లో వేసిన ప్రకటనలో ఉన్నదీ ఆ తేదీయే. అంటే రెండు తేదీలూ నిజమే. తొలి ప్రదర్శన అని అడిగితే ఏప్రిల్ 21, విడుదల అంటే మే 3. అప్పు తీర్చాల్సిన ఫాల్కేకు అసలు పరీక్ష రెండోదే. అందులో ఆయన నెగ్గారు.

అంతకు ఏడాది ముందే, 1912 మే 18న, ఇదే కొరొనేషన్‌లో తోర్నే తీసిన 'శ్రీ పుండలీక్' ఆడింది. తేదీ ప్రకారం అదే ముందు. కానీ అది వేదిక మీది నాటకాన్ని కెమెరాలో పట్టిన చిత్రం, దాని ఫిల్మ్ కడిగించింది లండన్‌లో. అందుకే చాలామంది ఫాల్కే చిత్రాన్నే తొలి చిత్రంగా లెక్కిస్తారు.

ఫాల్కే 1917లో 'లంకా దహన్', 1937లో తన ఏకైక టాకీ 'గంగావతరణ్' తీశారు. 1944 ఫిబ్రవరి 16న నాసిక్‌లో కన్నుమూశారు. పుణెలోని ఫిల్మ్ ఆర్కైవ్‌లో 'రాజా హరిశ్చంద్ర' మొదటి, చివరి రీళ్లు మాత్రమే ఉన్నాయి. అవి కూడా ఆయన 1917లో మళ్లీ తీసిన చిత్రానివేనని కొందరు చరిత్రకారుల వాదన.