సాలీళ్లకు తొలి పేర్లు పెట్టిన ఉద్యోగి – కార్ల్ క్లర్క్

ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న ప్రతి విద్యార్థికీ కరోలస్ లిన్నేయస్ పేరు తెలుసు. ప్రతి జీవికీ రెండు మాటల శాస్త్రీయ నామం ఉండాలన్న పద్ధతిని జంతువులన్నిటికీ వర్తింపజేస్తూ ఆయన 1758లో ‘సిస్టమా నేచురే’ పదవ కూర్పును వెలువరించారు. జంతువుల పేర్ల లెక్క ఆ పుస్తకంతోనే మొదలవుతుంది. అంతకు ముందు ఎవరు ఏ జంతువుకు ఏ పేరు పెట్టినా అది శాస్త్రంలో చెల్లదు. ఈ నియమానికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది. అది 1757లో సాలీళ్ల గురించి వచ్చిన ఒక పుస్తకం. దానిని రాసినవారు ప్రొఫెసర్ కాదు. డబ్బు లేక విశ్వవిద్యాలయం చదువు మధ్యలోనే వదిలేసి, ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం చేసుకున్న ఒక సామాన్యుడు. ఆయనే కార్ల్ అలెగ్జాండర్ క్లర్క్.

బాల్యం – ఆగిన చదువు

క్లర్క్ 1709లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో జన్మించారు. ఆయనది చిన్నపాటి ప్రభువర్గ కుటుంబం. వంశానికి పేరు ఉంది గానీ చేతిలో సొమ్ము లేదు. 1726లో, అంటే పదిహేడేళ్ల వయసులో, ఆయన ఉప్సాలా విశ్వవిద్యాలయంలో చేరారు. కానీ చదువు ఖర్చులు భరించే స్తోమత లేక త్వరలోనే మానేయవలసి వచ్చింది. పట్టా లేకుండానే ప్రభుత్వ కొలువులో చేరారు. ఆ తరువాత స్టాక్‌హోమ్ నగర పాలనలో పన్నులకు సంబంధించిన ఉద్యోగంలో కుదురుకున్నారు. పేరులోనే క్లర్క్, పని కూడా ఆఫీసు లెక్కలే! మామూలుగా అయితే ఆయన కథ అక్కడితో అయిపోవాలి.

మలుపు తిప్పిన ఉపన్యాసం

1739లో లిన్నేయస్ స్టాక్‌హోమ్‌లో ఇచ్చిన ఒక ఉపన్యాసం వినడానికి క్లర్క్ వెళ్లారు. అప్పటికి ఆయన వయసు ముప్పై. ఆ ఉపన్యాసం ఆయన మనసులో నాటుకుపోయింది. తరువాతి సంవత్సరాలలో ఆయన ఎవరూ పట్టించుకోని ప్రాణిని ఎంచుకున్నారు. అదే సాలీడు. దూర దేశాలకు ఓడల మీద వెళ్లే అవకాశం ఆయనకు లేదు. అందుకే తమ దేశంలోని సాలీళ్లనే సేకరించి, వాటి ఆకారం, నడక, వేట పద్ధతులు గమనించి రాసుకున్నారు.

గూడు అల్లి వేటాడేవి కొన్ని, గూడు అల్లకుండా వెంటాడి పట్టేవి కొన్ని, నీటిలో బతికేవి మరికొన్ని. ఇలా జీవించే తీరును బట్టి వాటిని వర్గాలుగా విడదీశారు. ఆ శ్రమంతా 1757లో ‘స్వెన్స్కా స్పిండ్లర్’ అనే పుస్తకంగా వచ్చింది. ఆ మాటకు అర్థం ‘స్వీడన్ సాలీళ్లు’. అందులో స్వీడిష్, లాటిన్ భాషలు రెండూ ఉన్నాయి. పండితులకు లాటిన్, తన ఊరి మనుషులకు సొంత భాష. రంగుల చిత్రపటాలూ ఉన్నాయి. మొత్తం 67 రకాల సాలీళ్లను వివరించి, ప్రతి దానికీ రెండు మాటల పేరు పెట్టారు. జంతుశాస్త్ర గ్రంథంలో ఆ పద్ధతిని మొదటి నుంచి చివరి దాకా పాటించిన తొలి పుస్తకం ఇదే. లిన్నేయస్ జంతువుల పుస్తకం రావడానికి ఇంకా ఏడాది ఉంది!

గోడ మీది చారల సాలీడు

ఆ 67లో ఒకటి గోడల మీద ఎండ పొడలో తిరిగే చిన్న సాలీడు. పొడవు 5 నుంచి 7 మిల్లీమీటర్లు. నల్లటి ఒంటి మీద తెల్లని చారలు. ఇది గూడు కట్టి కాచుకోదు. పిల్లిలా నక్కి నక్కి వెళ్లి, ఒక్క గెంతుతో పురుగును పట్టుకుంటుంది. గెంతే ముందు ఒక దారాన్ని గోడకు అంటిస్తుంది. గురి తప్పినా ఆ దారమే దాన్ని కాపాడుతుంది. దీనికి క్లర్క్ పెట్టిన పేరు అరేనియస్ సీనికస్. సీనికస్ అంటే లాటిన్‌లో రంగస్థలానికి చెందినది అని అర్థం.

తరువాత 1804లో ఫ్రాన్సుకు చెందిన లాత్రేయ్ గెంతే సాలీళ్ల కోసం సాల్టికస్ అనే ప్రజాతిని ఏర్పరిచారు. ఇప్పుడు దీని పేరు సాల్టికస్ సీనికస్ (క్లర్క్, 1757). ఆయన పేరు కుండలీకరణాల్లో ఎందుకుందో గమనించండి. మొదట పెట్టిన ప్రజాతి తరువాత మారితే, పేరు పెట్టిన వారిని అలా కుండలీకరణాల్లో రాస్తారు. మొదటి మాట మారినా రెండో మాట, పేరు పెట్టిన మనిషి గుర్తు మాత్రం చెరగవు.

గుర్తించడం ఎంత కష్టం?

గెంతే సాలీడు అని పోల్చుకోవడం తేలికే. ఎనిమిది కళ్లలో నాలుగు ముందు వరుసలో ఉంటాయి. వాటిలో నడిమి రెండూ లారీ హెడ్‌లైట్లలా పెద్దవిగా కనిపిస్తాయి. కానీ అది ఏ జాతి అని తేల్చడమే కష్టం. చాలా జాతుల్లో మగదాని రంగు వేరు, ఆడదాని రంగు వేరు, పిల్లల రంగు ఇంకొకటి. క్లర్క్ వేర్వేరు జాతులని పేర్లు పెట్టిన వాటిలో కొన్ని ఒకే జాతివని తరువాతి వారు తేల్చారు. నేడు శాస్త్రవేత్తలు సూక్ష్మదర్శిని కింద ఆడ, మగ సాలీళ్ల జననాంగాల నిర్మాణం చూసి గానీ జాతిని నిర్ణయించరు. అంతటి పరికరాలు లేని కాలంలో క్లర్క్ పెట్టిన పేర్లలో ఎక్కువ భాగం నిలబడ్డాయంటే ఆయన చూపు ఎంత నిశితమో అర్థం చేసుకోవచ్చు. తోటల్లో గుండ్రని గూడు అల్లే యూరప్ సాలీడు, గాలి బుడగతో నీటి అడుగున కాపురముండే సాలీడు కూడా ఆయన పేరు పెట్టినవే.

ఆఖరి రోజులు – తరువాత దక్కిన గౌరవం

సాలీళ్ల తరువాత క్లర్క్ సీతాకోకచిలుకల వైపు మళ్లారు. అరుదైన కీటకాల చిత్రాలతో 1759 నుంచి భాగాలుగా ఒక గ్రంథం వెలువరించసాగారు. మూడో భాగం పూర్తి కాకుండానే 1765 జూలై 22న కన్నుమూశారు.

ఆయన పోయాక రెండు శతాబ్దాలు దాటినా ఆయన పుస్తకం విలువ తగ్గలేదు. 1999లో వెలువడిన అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి కూడా ఆయన పుస్తకాన్ని 1758 జనవరి 1న వచ్చినట్లుగా పరిగణించాలని, సాలీళ్ల పేర్ల విషయంలో లిన్నేయస్ కంటే క్లర్క్‌కే ముందు స్థానం ఇవ్వాలని చెబుతోంది. గురువు లాంటి వాడి కంటే ముందు వరుసలో ఆ ఉద్యోగికి కుర్చీ వేసినట్లే కదా!

ఆయన మొదలుపెట్టిన జాబితా నేటికీ పెరుగుతూనే ఉంది. 2022 ఏప్రిల్‌లో ప్రపంచ సాలీళ్ల పట్టికలో 50,000వ జాతి చేరింది. అది దక్షిణ అమెరికాకు చెందిన ఒక గెంతే సాలీడే. మన దేశంలో 2021లో మహారాష్ట్రలోని ఠాణే ప్రాంతంలో దొరికిన ఒక కొత్త గెంతే సాలీడుకు ఐసియస్ తుకారామి అని పేరు పెట్టారు. 2008 నవంబరు 26 ముంబయి దాడిలో తుపాకీ గుళ్లకు ఎదురొడ్డి ఉగ్రవాది కసబ్‌ను పట్టించి ప్రాణాలర్పించిన పోలీసు అధికారి తుకారాం ఓంబ్లే గుర్తుగా పెట్టిన పేరది.

మనం నేర్చుకోవలసినది

క్లర్క్ పడిన ఇబ్బంది, మన ఇళ్లలోని ఇబ్బంది ఒకటి కాదు. ఆయనకు వంశం పేరైనా ఉంది. మనలో చాలామందికి ఇంట్లో చదువుకున్న మొదటి మనిషి మనమే. అయినా ఒక విషయంలో ఆయన మనకు దగ్గరివారు. ఫీజు కట్టలేక, ఇంటి భారం మోయక తప్పక, చదువు మధ్యలో పెట్టె సర్దుకొని వెళ్లిపోయిన మిత్రులు ప్రతి హాస్టల్‌లోనూ ఉన్నారు. వారిలో కొందరు ఈ పత్రిక కూడా చదువుతారు. కాలేజీ ఆగిపోవడం వేరు, నేర్చుకోవడం ఆగిపోవడం వేరు. మొదటిది మన చేతిలో ఉండకపోవచ్చు. రెండోది ఎప్పటికీ మన చేతిలోనే ఉంటుంది. ముప్పై ఏళ్ల వయసులో ఒక ఉపన్యాసం విని, నలభై ఎనిమిదో ఏట పుస్తకం తెచ్చిన క్లర్క్ జీవితం అందుకు సాక్ష్యం.