యూజీన్ విగ్నరు

యూజీన్ విగ్నరు 1902వ సంవత్సరము నవంబరు 17వ తేదీన హంగేరీ దేశపు బుడాపెస్టు నగరమున జన్మించెను. ఆతని తండ్రి తోళ్లు పదునుచేయు కర్మాగారమున పనిచేయుచుండెను. కుమారునకు భౌతికశాస్త్రమునందు మక్కువ మెండు. అయినను తండ్రి కోరిక ననుసరించి విగ్నరు బెర్లినులో రసాయనిక ఇంజనీరింగు చదివి, 1925లో డాక్టరు పట్టమునొంది, కొంతకాలము ఆ కర్మాగారముననే పనిచేసెను. పిదప భౌతికశాస్త్రమునకు మరలి, 1930లో అమెరికాకు పోయి ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయమున చేరెను.

రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1942లో, చికాగోయందు ప్లుటోనియమును తయారుచేయు పెద్ద రియాక్టర్లకు రూపకల్పన చేయు బాధ్యత ఆతనిపై పడెను. రియాక్టరులో యురేనియము పరమాణువులు చీలినపుడు న్యూట్రానులను కణములు మిక్కిలి వేగముతో వెలువడును. వాని వేగమును తగ్గించుటకు గ్రాఫైటు దిమ్మెలను వాడిరి. చూపునకు చెక్కుచెదరని ఆ దిమ్మెలలోపల ఏమి జరుగునని విగ్నరు యోచించెను. గోలీ తగిలి మరియొక గోలీ తొలగునట్లు, న్యూట్రాను తాకిన పరమాణువు స్వస్థానమును వీడును. అది మరికొన్నింటిని కదల్చును. ఇట్లు లోపలి అమరిక చెడి వస్తువుయొక్క గుణమే మారునని, ఆ రియాక్టర్లు వెలయకమునుపే ఆతడు గ్రహించెను.

ఆ ఊహ నిజమయ్యెను. హాన్‌ఫర్డునందలి రియాక్టర్లలో గ్రాఫైటు ఉబ్బసాగెను. 1946లో ఒక రియాక్టరును ఆపివేసిరి. గ్రాఫైటును తగినంత వేడిచేసినచో పరమాణువులు చాలవరకు స్వస్థానములకు మరలునని పిదప తెలిసెను. కాని ఆ పని ప్రమాదరహితము కాదు. 1957 అక్టోబరులో ఇంగ్లండునందలి విండ్‌స్కేలు రియాక్టరులో, గ్రాఫైటున చిక్కియున్న శక్తిని వెలువరించుటకై వేడిచేయగా, ఇంధనమునకు నిప్పంటుకొనెను. రేడియోధార్మిక పదార్థములు గాలిలో కలిసెను. పరిసరములందలి పాడిరైతులు పాలను పారబోయవలసి వచ్చెను.

లోహములకును ఈ బాధ తప్పదు. న్యూట్రానుల తాకిడిచే ఉక్కు గట్టిపడి, క్రమముగా పెళుసగును. అంతియేకాక, వికిరణము నీటిని విడగొట్టి హైడ్రోజన్ పెరాక్సైడు వంటి పదార్థములను పుట్టించును. అవి లోహమును తినివేయును. అందుచే అనేక రియాక్టర్ల ఉక్కుపాత్రలలో అదే ఉక్కు ముక్కలను ముందుగనే ఉంచి, కొన్ని సంవత్సరముల కొకసారి వెలికితీసి పరీక్షింతురు.

విగ్నరునకు 1963లో నోబెల్ బహుమానము లభించెను. ఆతడు 1995 జనవరి 1వ తేదీన మరణించెను. దృఢముగా కనబడు వస్తువునుగూడ లోనారసి చూడవలెనని ఆతని జీవితము మనకు బోధించుచున్నది.