సంగీతాచార్యుని కొలిమి

విలియం హెర్షెల్ 1738లో జర్మను దేశమున హనోవరు నగరములో జన్మించినాడు. తండ్రి సైనిక వాద్యబృందమున వాద్యకారుడు. కుమారునికి అబ్బినదియు ఆ విద్యయే. 1757లో ఇంగ్లండు చేరి, 1766 నుండి బాత్ నగరమున ఒక ప్రార్థనామందిరములో ఆర్గన్ వాయించుచు, శిష్యులకు పాఠములు చెప్పుచు సుఖముగనే కాలము గడపినాడు. ముప్పదియైదేండ్ల ప్రాయమున అతనికి నక్షత్రములపై మనసు పోయినది.

మంచి దూరదర్శిని కొనుటకు ధనము చాలదు. తానే చేసికొనవలెను. దాని ప్రాణమంతయు పుటాకారపు దర్పణములో నున్నది. ఆనాడది గాజు కాదు, రాగియు తగరమును కలిపి పోసిన తెల్లని లోహము. తగరపు పాలు పెంచినకొలది మెరుగు హెచ్చును, పెళుసుదనమును హెచ్చును. చిక్కంతయు అచ్చటనే.

1772లో చెల్లెలు కెరొలిన్ అన్నగారి చెంతకు వచ్చినది. గాయనిగా పేరు తెచ్చుకొనదగిన కంఠము ఆమెది. కాని ఆమె చేయవలసివచ్చిన పని వేరు. అతడు దర్పణమునకు మెరుగుపెట్టుచు గంటల తరబడి చేయి తీయకున్నప్పుడు, ఆమె నోటికి ముద్ద లందించెడిది.

1781 మార్చి 13న, స్వహస్తములతో చేసిన దూరదర్శినితో అతడు యురేనస్ గ్రహమును కనుగొన్నాడు. అంతటితో తృప్తిపడలేదు. మూడడుగుల వెడల్పు దర్పణము పోయ సంకల్పించి, ఇంటి క్రిందిభాగమున, తోటవైపు గదిలో కొలిమి కట్టించినాడు. అచ్చునకు మన్నును గుర్రపులద్దియు కావలెను. కెరొలిన్ ఆ లద్దిని రోట దంచి సన్నని జల్లెడ పట్టినది. మిత్రుడగు డాక్టరు వాట్సన్ అప్పుడప్పుడు ఆమె చేతి రోకలి తానందుకొనెడివాడు.

ఆగస్టులో పోసిన మొదటి దర్పణము చల్లారునపుడు పగిలినది. రెండవమారు ఐదువందల పౌన్లకు పైబడిన లోహము కరగుచుండగా కొలిమి అడుగు కారజొచ్చెను. కరగిన లోహము నిప్పులలోబడి, అందుండి నేలపైకి ప్రవహించెను. రాతిపలకలు ఫెళఫెళ పగిలి కప్పుదాక ఎగిరినవి. పోతపనివారొక ద్వారమున, హెర్షెల్ సోదరులు మరియొక ద్వారమున పరుగిడిరి. శ్రమచే వేడిచే సొమ్మసిల్లి హెర్షెల్ ఇటుకముక్కల కుప్పపై కూలినాడు.

ఆ ప్రయత్నమంతటితో ఆగినది. 1782లో రాజు ఏటికి 200 పౌన్ల వేతన మేర్పరచగా సంగీతవృత్తి మానినాడు. 1789లో పూర్తియైన నలువదడుగుల దూరదర్శినికి నాలుగడుగుల దర్పణములను లండనులో పోయించినాడు. అది లోకప్రసిద్ధమేగాని, అతని గొప్ప పరిశీలనలు పెక్కు ఇరువదడుగుల దానితోనే జరిగినవి. 1822లో అతడు మరణించినాడు. తోకచుక్కలను కనుగొని ఖ్యాతినొందిన కెరొలిన్ 1848 వరకు జీవించినది. కొలిమినాటి సంగతులు మనకు తెలియుట ముఖ్యముగా ఆమె జ్ఞాపకముల వలననే.

బాత్‌లోని ఆ ఇల్లు 1981 నుండి ప్రదర్శనశాల. పగిలిన రాతిపలకలు ఆ గది నేలపై నేటికిని కనబడును.