హాస్టల్ గది నుండి ప్రజాసేవకు - బాబాసాహెబ్ చదువుకున్న రోజులు

ప్రతి హాస్టల్‌లోనూ బాబాసాహెబ్ అంబేద్కర్ ఫోటో ఉంటుంది. నీలం సూటు, కళ్ళజోడు, చేతిలో పుస్తకం. ఏప్రిల్ 14న దండ వేస్తాం, రాజ్యాంగ నిర్మాత అని ఉపన్యాసాలు వింటాం. కానీ ఆయన కూడా మనలాగే స్కాలర్‌షిప్ మీద, పరాయి ఊళ్ళో హాస్టల్ గదిలో ఉండి చదువుకున్నారన్న సంగతి మనలో చాలామందికి తట్టదు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో రాజ్యాంగం సంగతి పక్కన పెట్టి, ఆయన చదువుకున్న రోజుల గురించే రాస్తున్నాం.

బొంబాయి పరేల్‌లో ఒకే ఒక గదిలో కాపురం. అందులోనే వంట, పడక, చదువు. ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన నెలకు 25 రూపాయల సాయంతో 1912లో బి.ఎ. పాసయ్యారు. ఆ కాలేజీలో హోటలు నడిపే మనిషి ఆయనకు మంచినీళ్ళు కూడా ఇచ్చేవాడు కాదు. 1913 ఫిబ్రవరిలో తండ్రి రాంజీ కన్నుమూశారు. ఆ ఏడే మహారాజు మళ్ళీ ఆదుకున్నారు. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్ళు. తిరిగి వచ్చాక పదేళ్ళు బరోడా సంస్థానంలో ఉద్యోగం చేయాలన్నది షరతు.

1913 జూలైలో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో అడుగుపెట్టారు. మొదట హార్ట్‌లీ హాల్ అనే హాస్టల్‌లో దిగారు. అక్కడి తిండి పడక వారం రోజులకే ఖాళీ చేశారు. (మెస్ తిండి గురించి గొణుక్కునే మనకు ఇది కాస్త ఓదార్పు!) చివరికి లివింగ్‌స్టన్ హాల్‌లో నావల్ భాతేనా అనే పారసీ విద్యార్థితో కలిసి ఉన్నారు. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది. 1920లో లండన్ చదువు పూర్తి చేయడానికి డబ్బు చాలనప్పుడు ఐదువేల రూపాయలు అప్పిచ్చింది ఈ రూమ్మేటే.

అక్కడ ఎవరూ కులం అడగలేదు. అందరితో కలిసి ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నారు, ఏ కుర్చీలోనైనా కూర్చున్నారు. ఇరవై రెండేళ్ళ వయసులో ఇది ఎంత పెద్ద సంగతో వేరే చెప్పనక్కర్లేదు. ఆ స్వేచ్ఛను ఆయన చదువుకే ఖర్చు పెట్టారు. ఒక్క అర్థశాస్త్రంలోనే 29 కోర్సులు, చరిత్రలో 11, ఇంకా సోషియాలజీ, ఫిలాసఫీ, ఆంత్రోపాలజీ. స్కాలర్‌షిప్‌లోంచే ఇంటికి డబ్బు పంపుతూ, మిగిలిన దానితో పాత పుస్తకాలు కొనేవారు. అప్పుడు న్యూయార్క్‌లో ఉన్న లాలా లజపతిరాయ్ తమతో కలిసి పనిచేయమని అడిగితే, చదువు ముగిసే దాకా కుదరదన్నారు. ఈ విషయంలో ఆయనదే సరైన లెక్క అని మాకనిపిస్తుంది.

సెలిగ్‌మన్ ఆయనకు అర్థశాస్త్రం నేర్పారు. జాన్ డ్యూయీ పాఠాల్లో, ప్రజాస్వామ్యమంటే ఓట్లూ ప్రభుత్వమూ మాత్రమే కాదు, మనుషులు కలిసి బతికే పద్ధతి అని గ్రహించారు. 1916 మే 9న గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో భారతదేశంలో కులాల పుట్టుక మీద పత్రం చదివారు. చిన్నప్పటి నుండి తాను పడిన బాధ, అక్కడ పరిశోధించి తేల్చవలసిన ప్రశ్నగా మారింది.

అక్కడి నుండి లండన్ వెళ్ళారు. 1917లో స్కాలర్‌షిప్ గడువు అయిపోయి, చదువు సగంలో వదిలి బరోడా ఉద్యోగానికి రావలసి వచ్చింది. కొలంబియాలో ఎం.ఎ. చేసి, పిహెచ్.డి. కోసం పరిశోధన గ్రంథం కూడా రాసిన మనిషికి ఆ ఊళ్ళో అద్దెకు గది దొరకలేదు. ఒక పారసీ సత్రంలో పారసీ పేరు చెప్పుకుని తలదాచుకున్నారు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. తెలిసిన ఇద్దరు స్నేహితులూ ఇంట్లో చోటివ్వలేమన్నారు. రైలు వేళయ్యే దాకా ఒక తోటలో కూర్చుని ఏడ్చారు.

న్యూయార్క్ గది, బరోడా తోట - ఈ రెండూ ఆయనతోనే ఉండిపోయాయని మా నమ్మకం. ఎందుకంటే 1923లో లండన్ నుండి బారిస్టర్‌గా తిరిగి వచ్చి, 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టాక, ఆ సభ మొదట చేసిన పనుల్లో ఒకటి హాస్టల్ తెరవడం. 1925 జనవరిలో సోలాపూర్‌లో హైస్కూలు పిల్లల కోసం ప్రారంభించారు. ఉండటానికి చోటు, తిండి, బట్టలు, పుస్తకాలు అన్నీ సభే చూసుకుంది.

1942లో వైస్రాయ్ కౌన్సిల్‌లో సభ్యుడయ్యాక షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు ప్రభుత్వమే డబ్బివ్వాలని పట్టుబట్టారు. ఒక మహారాజు దయ మీద తాను చదివారు. తర్వాతి వాళ్ళకు అది ప్రభుత్వ బాధ్యత కావాలన్నారు. 1944లో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ పథకం మొదలైంది. బిల్లు ఎప్పుడు వస్తుందా అని మనం ఎదురుచూసిన స్కాలర్‌షిప్ అదే.

సోలాపూర్ గురించి ఒక మాట మరిచాం. ఆ హాస్టల్ పిల్లలు కూడా ఒక పత్రిక నడిపారు. మాసపత్రిక, పేరు సరస్వతీ విలాస్.