వెయ్యి నాణేల లెక్క

2009లో నా ఉద్యోగం పోయింది. వీసా, ఇంటి అద్దె, పిల్లల స్కూలు, హైదరాబాదులో నాన్నగారి ఆపరేషన్. అన్నీ ఒకేసారి తేల్చుకోవాలని రాత్రంతా కూర్చునేవాణ్ణి. ఏదీ తేలేది కాదు. ఆ రోజుల్లోనే, ఇల్లినాయ్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేసేటప్పుడు సగంలో వదిలేసిన ఒక పుస్తకం మళ్ళీ తెరిచాను. అది రాసిన రాస్ యాష్‌బీ గారి గురించి నాలుగు మాటలు.

యాష్‌బీ 1903లో లండన్‌లో పుట్టారు. కేంబ్రిడ్జిలో చదివి, డాక్టరై, మానసిక వైద్యంలోకి వచ్చారు. ఇన్ని ఒడిదుడుకుల మధ్య మెదడు ఎలా నిలదొక్కుకుంటుందన్నది ఆయన్ను వదలని ప్రశ్న. దాని మీద 1928లో మొదలుపెట్టిన నోటుబుక్కులు చివరికి 25 సంపుటాలు, ఏడువేల పైచిలుకు పేజీలయ్యాయి. 1945 నుంచి రెండేళ్ళు సైనిక వైద్యుడిగా మన దేశంలోనూ పనిచేశారు.

తిరిగి వెళ్ళాక గ్లౌస్టర్‌లోని బార్న్‌వుడ్ హౌస్ ఆసుపత్రిలో పరిశోధన చేస్తూ, 1948లో హోమియోస్టాట్ అనే యంత్రం తయారుచేశారు. నాలుగు పెట్టెలు, ఒక్కోదాని మీద ఒక ముల్లు. ఒకటి కదిలితే మిగతావీ కదులుతాయి. ముల్లు హద్దు దాటితే ఆ పెట్టె తనంతట తానే వేరే అమరికకు మారుతుంది. ఒక్కోదానికి 25 అమరికలు, అన్నీ కలిపితే 3,90,625. ముళ్ళన్నీ కుదురుకునే అమరికను, ఎవరూ చెప్పకుండానే, యంత్రమే వెతుక్కునేది.

నాలుగు పెట్టెలకైతే సరే, కోట్లకొద్దీ కణాలున్న మెదడు మాటేమిటి? ఆయన వేసిన లెక్కను నాణేలతో చెబుతాను. వెయ్యి నాణేలు సెకనుకోసారి ఎగరేస్తూ, అన్నీ ఒకేసారి బొమ్మ పడాలంటే విశ్వం వయసు కూడా చాలదు. ఒక్కొక్కటే ఎగరేసి, బొమ్మ పడ్డదాన్ని కదపకుండా పక్కన పెడుతూ పోతే సగటున 2000 సెకన్లు, అంటే సుమారు 33 నిమిషాలు! మెదడులోని భాగాలు కొంతవరకు విడివిడిగా కుదురుకోగలిగితేనే మనిషి తన జీవితకాలంలో ఏదైనా నేర్చుకోగలడని ఆయన తేల్చారు. 1952లో 'డిజైన్ ఫర్ ఎ బ్రెయిన్', 1956లో సైబర్నెటిక్స్ మీద మరో పుస్తకం తెచ్చారు. 1961 నుంచి 1970 దాకా ఇల్లినాయ్‌లోనే పాఠాలు చెప్పి, 1972లో కన్నుమూశారు.

ఆ రాత్రి నేనొక కాగితం తీసుకున్నాను. ఉద్యోగం, వీసా విడదీయరానివి కాబట్టి ఆ రెండూ ఒక నాణెం. మిగతావి వేరు. ముందు నాన్నగారి ఆపరేషన్ సంగతి తమ్ముడితో మాట్లాడి తేల్చేశాను. మళ్ళీ దాని జోలికి పోలేదు. చాలా రోజులకు ఆ రాత్రే నిద్రపట్టింది. ఉద్యోగం దొరికింది మాత్రం ఐదు నెలల తర్వాతే.

మన మిత్రుల్లో ఇలాంటి ఇబ్బందిలో ఎవరైనా ఉంటే, ఈ డాక్టరుగారి లెక్క ఒక్కసారి చెప్పి చూడండి.