ప్రతినిధిగా వెళ్లిన అజరయ్య గారు



పురానాపూల్‌లో పరిచర్య చేయుచున్న మేము కొన్ని సంవత్సరముల క్రిందట ఒక జాతీయ క్రైస్తవ మహాసభకు ప్రతినిధిగా వెళ్లితిమి. మూసీ దాటి, నాంపల్లిలో రైలెక్కి పోయి, సభలన్నిటిలో శ్రద్ధగా కూర్చుంటిమి; తీర్మానములకు చెయ్యెత్తితిమి. తిరిగివచ్చిన ఆదివారము ఆరాధనానంతరము నివేదిక చదివితిమి. అప్పుడు ఒక వృద్ధ సహోదరి మా యొద్దకు వచ్చి, అయ్యగారూ, మన సంగతులు అక్కడ చెప్పినారా అని అడిగినది. మేము అక్కడ నోరు తెరువనే లేదు. ఆమెకు బదులు చెప్పలేకపోతిమి.

ఈ శతవార్షిక సంచికకు వ్యాసము కోరినప్పుడు ఆమె ప్రశ్నయే జ్ఞాపకమునకు వచ్చినది. అందుచేత, ప్రతినిధి యెట్లుండవలెనో జీవించి చూపిన డోర్నకల్ బిషప్పు అజరయ్య గారిని గూర్చి వ్రాయుచున్నాము.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలోని వెల్లాలన్‌విలై గ్రామమున ఒక గురువుగారి యింట జన్మించిరి. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పనిచేసిరి. 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనెరీ సొసైటీ స్థాపనలో ముందు నిలిచిరి. 1905 క్రిస్మస్ దినమున దేశపు పలు ప్రాంతముల ప్రతినిధులు సేరంపూరులో కూడి నేషనల్ మిషనెరీ సొసైటీని ప్రారంభించిరి. భారతీయులే తమ ధనముతో, తమ నిర్వహణలో సువార్త పని చేయవలెనన్నది దాని ఆశయము. అజరయ్య గారు దాని కార్యదర్శియై యువకులను సేవకు పిలిచిరి. కాని ఇతరులను పొమ్మనుచు తాను వెళ్లకుండుట ఆయన మనస్సును బాధించెను. కనుక 1909లో గురుపట్టము పొంది, నైజాము రాజ్యములోని డోర్నకల్‌కు వచ్చి, నడివయస్సున తెలుగు నేర్చుకొనిరి. సభలో పలికిన మాటను తన కాళ్లతో నడిచి నెరవేర్చిరి.

1910 జూన్‌లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనెరీ మహాసభ జరిగెను. సుమారు 1200 మంది ప్రతినిధులలో ఆసియా సంఘముల వారు ఇరువదిమందికి లోపే. విదేశ మిషనెరీలకును స్వదేశ సేవకులకును మధ్య సహకారమును గూర్చి మాటలాడుట అజరయ్య గారి వంతు. కృతజ్ఞతలు చెప్పి కూర్చుండుట సులభమే. ఆయన దొరల త్యాగమును మనసారా మెచ్చుకొనిరి. పిమ్మట, వారు భారత సేవకులతో కలిసి భోజనము చేయుట, స్నేహితులవలె మెలగుట అరుదని దాచక తెలిపిరి. మిషన్ల ధనముకంటె వారి స్నేహమే మాకు కావలెనని ప్రేమతో వేడుకొనిరి. సభలో కొందరు నొచ్చుకొనిరి. అయినను స్వదేశమున నోరు విప్పలేని అనేక ఉపదేశుల బాధ ఆ దినమున ప్రపంచమునకు వినబడెను.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికన్ సంఘములో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. డోర్నకల్‌లో బాప్తిస్మము పొందినవారు తమ తలపై చెయ్యి పెట్టుకొని, సువార్త చెప్పుదుమని ప్రమాణము చేయునట్లు నేర్పిరి. 1939లో ప్రతిష్ఠింపబడిన అచటి కెథీడ్రలులో గుడి స్తంభముల తీరును, మసీదు గుమ్మటముల తీరును కలిసియున్నవి.

1919 మేలో తరంగంబాడిలో కూడిన 33 మంది సంఘ సేవకులలో ఆయన ముఖ్యులు. వారిలో దాదాపు అందరును భారతీయులే. పడమటి దేశముల చరిత్రలో పుట్టిన మిషన్ భేదములు మన పల్లె విశ్వాసులను విడదీయనేల అని వారు ఐక్యతకు పిలుపునిచ్చిరి. 1927లో లోజాను మహాసభకు వెళ్లినప్పుడును ఆయన ఐక్యతకొరకే మనవి చేసిరి. 1929 నుండి నేషనల్ క్రిస్టియన్ కౌన్సిల్ అధ్యక్షులుగా నుండి, 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి. తరువాత రెండేండ్లకు, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. తాను మొదలుపెట్టిన పనికి ఫలము ఆయన కన్నులార చూడలేదు.

1578లో కట్టిన మన పురానాపూల్ 1908 మూసీ వరదకు తట్టుకొని నిలిచినది. వంతెన రెండు ఒడ్లను తాకవలెను గదా! ప్రతినిధియు అట్లే. సంఘము నుండి సభకు, సభ నుండి సంఘమునకు అతడు మార్గము కావలెను. మేము ఒక ఒడ్డుననే నిలిచిపోతిమని ఒప్పుకొనుచున్నాము.

కాబట్టి ప్రియులారా, ఇకమీదట మీరు ఎవరినైనను మహాసభకు ఎన్నుకొనినప్పుడు, బయలుదేరకమునుపే మీ కష్టసుఖములు ఆయనకు చెప్పుడి. తిరిగి వచ్చినప్పుడు, ఆ వృద్ధ సహోదరివలె, మన సంగతులు చెప్పినారా అని తప్పక అడుగుడి. ప్రభువు మనకు అట్టి ప్రతినిధులను అనుగ్రహించును గాక.