బహుభాషా శివకవి పాల్కురికి సోమనాథుడు

మంజీర నది మహారాష్ట్ర దేశమున పుట్టి, కన్నడ సీమయగు బీదరు ప్రాంతమును తడిపి, తెలుగు నేలపై కోటగిరి, బోధను పరిసరముల మీదుగా పారి, కందకుర్తి కడ గోదావరిలో కలియుచున్నది. మూడు భాషల జనులు త్రాగునది ఆ నీరే. కోటగిరి ప్రాంతపు లింగాయతుల గృహములందును ఇట్టి సంగమమే కానవచ్చును. పలకరింపు ఒక భాషలో, పాఠశాల చదువు వేరొక భాషలో, మఠమునందు శరణుల వచన పారాయణము మరియొక భాషలో జరుగుట ఈ సీమలో వింత కాదు. అయినను నేడు పెక్కు ఇండ్లలో ఒక సందేహము తలయెత్తుచున్నది. ఉద్యోగమునకు అక్కరకు వచ్చు భాషలు చాలవా? తాతల నాటి కన్నడమేల, మరాఠీ ఏల? ఈ సందేహమునకు సమాధానము కాకతీయుల కాలమున జీవించిన ఒక మహనీయుని చరిత్రలో కలదు. ఆయనయే పాల్కురికి సోమనాథుడు.

పలు భాషలను ఆదరించుట ఈ ప్రాంతమునకు అంతకుముందే అలవడిన గుణము. పదవ శతాబ్దమున వేములవాడ చాళుక్య ప్రభువగు రెండవ అరికేసరి ఆస్థానమున కన్నడ ఆదికవి పంపడు వెలసెను. ఆయన సోదరుడు జినవల్లభుడు కరీంనగరు ప్రాంతమునందలి కుర్క్యాల గుట్టపై చెక్కించిన శాసనము సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు మూడింటను ఉన్నది. వారు జైనులు. సోమనాథుడు వీరశైవుడు. మతములు వేరైనను, పరుల భాషను తనదిగా చేసికొను తీరు మాత్రము ఒక్కటే.

సోమనాథుని స్వస్థలము నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తి. తండ్రి విష్ణురామిదేవుడు, తల్లి శ్రియాదేవి. ఆయన కాలమును గూర్చి పండితులలో వాదములు కలవు. కొందరు మొదటి ప్రతాపరుద్రుని కాలమనియు, కొందరు రెండవ ప్రతాపరుద్రుని కాలమనియు నిర్ణయించిరి. ఎట్లయినను పన్నెండవ శతాబ్దపు చివరి భాగమునకును, పదునాలుగవ శతాబ్దపు తొలి పాదమునకును నడుమ ఆయన జీవించెననుట నిశ్చయము. అనగా కల్యాణ నగరమున బసవేశ్వరుడు నడపిన ధర్మోద్యమము జనుల నాలుకలపై ఇంకను సజీవముగా నున్న కాలమది.

బసవేశ్వరుడును, ఆయన తోడి శరణులును తమ అనుభవమును జనభాషయగు కన్నడమునందే వచనములుగా పలికిరి. తమిళ దేశమునందలి అరువదిముగ్గురు నాయనార్ల చరితములు అరవమునందుండెను. వేదాగమములు సంస్కృతమునందుండెను. తెలుగువాడు తన భాషతోనే తృప్తిపడి కూర్చున్నచో ఈ మూడు నిధులును అతనికి దక్కకపోవును. సోమనాథుడు ఈ భాషలనన్నింటిని అభ్యసించెను. శ్రీశైల యాత్రకు తెలుగు, కన్నడ, మరాఠీ, తమిళ భక్తులు గుంపులుగా వచ్చుచుండిరి. జంగములు ఊరూర తిరిగి కథలు చెప్పుచుండిరి. పురాతన భక్తులను గూర్చిన పాటలే తన కావ్యమునకు ఆధారమని సోమనాథుడు చెప్పుకొనెను. వినదగిన వారి మాటను వారి భాషలోనే వినుట ఆయనకు మొదటి సాధనయయ్యెను.

ఆ సాధన ఫలమే బసవపురాణము. ఏడు ఆశ్వాసముల ఈ ద్విపద కావ్యమునందు బసవేశ్వరుని చరిత్రతో పాటు కన్నప్ప, మడివాలు మాచయ్య, ముగ్ధ సంగయ్య, బెజ్జమహాదేవి మొదలగు భక్తుల కథలెన్నో చేరినవి. వీనిలో గొడగూచి కథ ప్రసిద్ధము. తండ్రి ఆజ్ఞపై పాలు తీసికొని గుడికి పోయిన పసిబాలిక, శివుడు త్రాగకున్నచో తల పగులగొట్టుకొందునని పట్టుబట్టగా స్వామి ప్రత్యక్షమై త్రాగెను. తెలుగువారు గొడగూచి యన్నది ఆ బాలిక పేరనుకొందురు. కన్నడమున కొడగూసు అనగా బాలిక యని మాత్రమే అర్థము. ఆ అర్థము తెలిసినవారికి ఇది ఏ యొక్క పేరుగల పిల్ల కథయో కాదనియు, ఏ ఇంటి బిడ్డకైనను చెల్లు కథయనియు బోధపడును. అట్లే చిఱుతొండనంబి యను పేరు తమిళమునందలి సిరుత్తొండర్ అను మాటనుండి వచ్చినది. చిన్న సేవకుడని దాని భావము. కన్నకొడుకునే శివార్పణము చేయుటకు వెనుదీయని భక్తుడు తన్ను చిన్న సేవకుడనని చెప్పుకొనిన వినయము ఆ పేరులోనే ఇమిడియున్నది. ఒక భాష అదనముగా తెలిసిన మాత్రమున తరతరములుగా విన్న కథయే క్రొత్త వెలుగులో కనబడును.

సోమనాథుడు సంస్కృతమున ఉద్దండుడు. శైవాచారములకు శాస్త్ర ప్రమాణములను కూర్చి పండితుల కొరకు సోమనాథ భాష్యమును ఆ భాషలోనే రచించెను. అట్టివాడు బసవపురాణమునకు సంస్కృత పదభూయిష్ఠమగు చంపూ మార్గమును గ్రహింపక, సామాన్యులు పాడుకొన వీలగు ద్విపదను, జాను తెనుగును గ్రహించెను. వేదసారమును చతుర్వేదసారమను పేర తెలుగు పద్యములలో అందించెను. కన్నడ రగళెల నడకను పరిగ్రహించి బసవని రగడలలో కీర్తించెను. పండితసభకు సంస్కృతము, ఇంటి ఇల్లాలికి తెలుగు, కన్నడ శరణులకు కన్నడము. ఎవరితో పలుకవలెనో వారి భాషలో పలుకుట ఆయన పద్ధతి. పరభాషలు నేర్చినకొలది మాతృభాష క్షీణించునను భయమునకు ఆయన కృతులే సమాధానము. అన్ని భాషలు నేర్చినవాడే తేట తెలుగును ఎత్తి నిలిపెను.

వృషాధిప శతకమున ఆయన సంస్కృత, తమిళ, కన్నడ, మరాఠీ భాషలలోను, మణిప్రవాళమునందును పద్యములు చెప్పి బసవేశ్వరుని స్తుతించెను. మల్లికార్జున పండితారాధ్యుని జీవితమును వర్ణించు పండితారాధ్య చరిత్ర ఆయన మరియొక మహాకృతి. దీక్షా, పురాతన, వాద, మహిమ, పర్వతములని అది ఐదు ప్రకరణములుగా నున్నది. పర్వత ప్రకరణమున శ్రీశైల యాత్రికుల ఆటపాటలు కన్నులకు కట్టినట్లు వర్ణితములు. తుమ్మెద పదములు, ప్రభాత పదములు, గొబ్బి పదములు, వెన్నెల పదములు మున్నగువాని పేర్లు అందు దొరకుచున్నవి. ఆయన కృతులలోని మరాఠీ పలుకులను ప్రాచీన మరాఠీకి విలువైన సాక్ష్యముగా ఆ భాషా పరిశోధకులు గ్రహించిరి. తెలుగు కవి ఆదరముతో విని వ్రాసికొనిన మాట నేడు మరాఠీవారికి తమ పూర్వుల మాటయై నిలిచినది.

ఈ మార్గము నిరాటంకముగా సాగలేదు. పిడుపర్తి సోమనాథుడు చెప్పిన కథ ప్రకారము, ఓరుగంటి స్వయంభూ దేవాలయమున భక్తులు బసవపురాణమును వినుచుండగా ప్రతాపరుద్రుడు అది యేమని అడిగెను. పక్కనున్న పండితుడొకడు అది యతిప్రాసలు సరిగాలేని క్రొత్త పురాణమని నిరసింపగా రాజు వెడలిపోయెను. జనభాషను చేపట్టినవానికి ఇట్టి నిరసన తప్పలేదు. కాని రాజు వినకున్నను ప్రజలు వినిరి. కావ్యము నిలిచెను.

సోమనాథుడు చివరి దినములలో కన్నడ దేశమునకు పోయి మాగడి ప్రాంతమునందలి కలికెలో లింగైక్యమందెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఆయన కన్నడము నుండి తెచ్చిన నిధి వడ్డీతో కన్నడమునకు తిరిగి చేరెను. 1369లో భీమకవి బసవపురాణమును కన్నడ షట్పదులలో రచించెను. బసవేశ్వరుని చరిత్రను కన్నడ జనులు ఒక తెలుగు కవి కృతిద్వారా మరల పాడుకొనిరి. పదునారవ శతాబ్దమున విరక్త తోంటదార్యుడు సోమనాథుని జీవితమునే కన్నడమున పురాణముగా వ్రాసెను. ఒక భాషవారు మరియొక భాష కవికి ఇంతటి గౌరవమొసగుట అరుదు. ఆధునిక కాలమున వేటూరి ప్రభాకరశాస్త్రి 1926లో బసవపురాణమును, చిలుకూరి నారాయణరావు 1939లో పండితారాధ్య చరిత్రను పరిష్కరించి ప్రకటించిరి. 1990లో వెల్చేరు నారాయణరావు, జీన్ రోఘేరుల ఆంగ్లానువాదము వెలువడి బసవపురాణము దేశాంతరముల పాఠకులకును అందినది.

1956లో హైదరాబాదు రాజ్యము భాషల వారీగా విభజింపబడినప్పుడు మంజీర తీరమున మూడు రాష్ట్రముల పొలిమేరలు ఏర్పడినవి. బంధువులు మూడు వైపుల ఉండిపోయిరి. బడులలో భాషలు వేరైనవి. ఆనాటి పెద్దలు ఎరిగిన కన్నడమును, మరాఠీని మనుమలు నేర్వకున్నచో పెండ్లి పందిటిలో మేనత్త పలుకు అర్థము కాదు. మఠమున చదువు వచనము వినబడును గాని తెలియబడదు. సోమనాథునికి గురుకులములును, యాత్రలును కావలసియుండెను. మంజీర తీరపు బిడ్డకు ఆ భాష ఇంటి అరుగు మీదనే కలదు. అవ్వ చెప్పు కథను ఆమె భాషలోనే విని, ఆ కథను తన తెలుగులో తిరిగి చెప్పగల్గిన బాలుడు పాల్కురికి బాటలో తొలి అడుగు వేసినవాడగును.